ఎవరి పేరు ముందుంటే వాళ్ళే

ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని నూకాలమ్మకి గట్టి నమ్మకం. మొగుడు గవర్రాజు కాలేజీకి పాలు పోసే మనిషి. ఓ రోజు అక్కడ కిటికీ పక్కన నిలబడి కంప్యూటరు పాఠం మొత్తం వినొచ్చాడు. తర్కంతో నడిచే భాష ఒకటుందట. రాసిన వరసని ఎడం నుంచి కుడికే చూస్తుందట. ముందున్న పేరుది చేసే పని, వెనకున్న పేరు చేయించుకునేది. ముందుదాని సంగతి ముగిసేదాకా వెనకదాన్ని ముట్టుకోదట.

"యంత్రానికే అంత పద్ధతుంటే మనకుండొద్దా?" అంది నూకాలమ్మ. ఆ పూట నుంచి ఇంట్లో అదే చట్టం.

మర్నాడు ఆవిడ మరిది అప్పలకొండతో, "గేదెకి నువ్వు గడ్డి వెయ్యి" అంది. గేదె పేరు ముందొచ్చింది. అంతే, అప్పలకొండ మోపు విప్పకుండా గేదె ఎదుట నోరు తెరుచుకు కూర్చున్నాడు. గేదె వెయ్యలేదు. రెండో రోజూ వెయ్యలేదు. కొత్త కదా, సిగ్గుపడుతోందనుకున్నారు. మూడో రోజుకి ఇంకేముంది, గేదె డొక్కలు అంటుకుపోయాయి, పాలు ఆగిపోయాయి. ఆ పాలే వాళ్ళకి కూడు. నూకాలమ్మ పశువుల డాక్టరుకి కబురు పెట్టింది.

డాక్టరు వచ్చి సీసా ఇచ్చి, గేదెకి గవర్రాజు రెండు పూటలా ఈ మందు పట్టాలన్నాడు. సీసా గేదె కాలికి కట్టారు. గవర్రాజు కింద పడుకుని నోరు తెరిచాడు. గేదె కాలు విదిల్చింది. కొంత మీసాల మీద, కొంత ముక్కులో, మిగతాది కడుపులో పడింది. పట్టిందని నూకాలమ్మ ఊపిరి పీల్చుకుంది. సాయంత్రం దాకా గవర్రాజు చెంబు వదల్లేదు. గేదె మాత్రం అలాగే ఉంది.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. సంగతంతా విని, చివరికి వాళ్ళ దారికే వచ్చాడు. "సరే. గవర్రాజు గేదెకి గడ్డి వెయ్యాలి. ఇప్పుడు ముందెవరు?"

గవర్రాజన్నారు ముగ్గురూ, గవర్రాజుతో సహా.

"హమ్మయ్య. ఇవాళ్టితో గవర్రాజు సంగతి తేలాలి. లేకపోతే గేదె దక్కదు" అనేసి వెళ్ళిపోయాడు.

తేలాలన్నాడు కదా. ఇంకేముంది, వదినా మరిదీ కలిసి గవర్రాజుని కాలవలో దింపారు. రొమ్ములోతు నీళ్ళు. కాళ్ళు దింపితే నిలబడ్డాడు, ఎత్తితే మునిగాడు. మనసు పెట్టమని నూకాలమ్మ బతిమాలింది. పెట్టాడు. మళ్ళీ మునిగాడు. ఇంతలో వెనకే వచ్చిన గేదె నీళ్ళలో దిగి, ముక్కు పైకి పెట్టి హాయిగా తేలింది.

ముగ్గురూ దాని వంక చూశారు.

"అయితే గవర్రాజు ఇదన్నమాట" అంది నూకాలమ్మ. అప్పలకొండ అన్నయ్యా అంటూ దాని కాళ్ళకి మొక్కాడు.

నూకాలమ్మ దాన్ని ఇంటికి తీసుకొచ్చి, పీట వేసి, ఆకు పరిచి, పప్పూ అన్నం వడ్డించి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "ఏవండీ, మూడు రోజులై ఏమీ తిన్లేదు. కాస్త ఎంగిలిపడండి" అంది. గేదె ఆకుతో సహా తినేసింది.

"మారు వడ్డించమ్మా, మీ ఆయన మొహమాటపడుతున్నట్టున్నాడు" అన్నాడు గుమ్మం బయట తడిబట్టలతో నిలబడ్డ మనిషి.