దొడ్డిగుమ్మాన వచ్చిన సంపెంగమ్మ

చైత్రమాసంలో మెంటివలస దివాణం తోటకు వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. రోడ్డు మీదికి కనిపించే సింహాల గేటు మీకోసం తెరవరు. మీకోసమే కాదు, ఎవరికోసమూ తెరవరు. ఎంతసేపు హారన్ కొట్టినా ప్రయోజనం లేదు. గోడ వెంట పడమటికి నడిస్తే దొడ్డిగుమ్మం వస్తుంది. నడుం వంచితే తప్ప లోపలికి పోలేరు. "ఇంత దూరం వస్తే దొడ్డిదారినా?" అని ఏటా ఎవరో ఒకరు అర్చకుల మీద విరుచుకుపడుతూనే ఉంటారు. ఈ నాలుగు మాటలు వారికోసమే.

పూర్వం ఇక్కడ తోట లేదు, రాళ్ళదిబ్బ ఉండేది. జమీందారు జగ్గరాజుగారు బంగళా కట్టుకుని, తోట పెంచే పని తవుడమ్మ అనే ఆమెకు అప్పగించారు. ఆమె ఇరవై ఏళ్ళు రాళ్ళు ఏరింది, నూతి నీళ్ళు మోసింది, సంపెంగలూ పొగడలూ పెంచింది. తీరా పూలు పూసే చైత్రంలో, చూడవచ్చే దొరల కంటపడకూడదని ఆమెనే దొడ్డిగుమ్మం అవతల నిలబెట్టేవారు. ఎంత అన్యాయం! తాను పెంచిన తోట పూతను ఆమె ఒక్కనాడూ కంటినిండా చూడలేదు.

ఒక మాఘమాసాన సంపెంగ పాదు తవ్వుతుండగా ఆమె గునపానికి అమ్మవారి విగ్రహం తగిలింది. సంపెంగ కింద దొరికింది కనుక సంపెంగమ్మ అన్నారు. జమీందారుగారు తోటలో మండపం కట్టించి, చైత్రంలో అమ్మను ఊరేగించి సింహాల గేటు గుండా తేవాలని ఏర్పాటు చేశారు.

"తల్లిని తవ్వి తీసింది నానే కదా బాబూ, ఒక్క పువ్వెట్టి దండమెట్టుకుంటాను" అని తవుడమ్మ వేడుకుంది.

"పెద్దలొచ్చే వేళ నీకేం పని? అవతలికి పో" అని జమీందారుగారు కసిరారు.

ఊరేగింపునాడు అమ్మ పల్లకి గేటు ముందు ఆగిపోయింది. ఎనిమిది మంది బోయీలు ఎంత బలం పెట్టినా అంగుళం కదలలేదు. గుమ్మడికాయలు కొట్టారు, శాంతులు చేశారు. మూడోనాటి మధ్యాహ్నం కునుకుపట్టిన జగ్గరాజుగారికి అమ్మ కలలో కనిపించి, "నన్ను మట్టిలోంచి ఎత్తినదాన్ని బయట నిలబెడతావా? దానికి లేని దారి నాకెందుకు?" అని గద్దించింది.

ఆయన చెప్పులైనా వేసుకోకుండా దొడ్డిగుమ్మానికి పరుగెత్తి తవుడమ్మను పిలిచారు. ఆమె పల్లకిలోని విగ్రహాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని, గోడ వెంట తిరిగి వచ్చి, వంగి, ఆ గుమ్మంలోంచే లోపలికి నడిచింది. నిండుగా పూసిన తోటను చూసి, "ఓలమ్మో, ఇన్ని పూసీసినాయేటి!" అని భోరున ఏడ్చింది.

ఆనాడు మూసిన సింహాల గేటు మళ్ళీ తెరవలేదు. నేటికీ చైత్ర పాడ్యమినాడు తవుడమ్మ వంశపు ఆడపడుచు దొడ్డిగుమ్మం తెరిచి, ఒంటరిగా తోటంతా తీరిగ్గా చూసి వస్తుంది. ఆ తరువాతే మిగిలినవారికి ప్రవేశం. వంగి వచ్చినవారి ఇంటి పెరడు ఎన్నడూ ఎండదని నమ్మకం. నిరుడు ఒక పెద్దమనిషి, "తోటపనివాళ్ళ కోసం మేము బయట నిలబడాలా?" అని మండిపడ్డారు.

అవునండీ, నిలబడాలి. ఆమె ఇరవై ఏళ్ళు నిలబడింది.