చిట్టి ఈనిన రోజు

"అమ్మా, ఏడేళ్లుగా చిన్న చిన్న మాటలతోనే సరిపెడుతున్నారు. పెద్ద ఉపదేశం నాకెప్పుడిస్తారు?"

శిష్యుడు కోనప్ప ఈ మాట అడిగేటప్పటికి సుబ్బమాంబ పశువుల పాకలో గడ్డి దులుపుతోంది. మదనపల్లె దాపున కొండవాలులో ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి ఆమే గురువు. అడిగినదానికి వెంటనే బదులిచ్చే అలవాటు ఆమెకు లేదు. "చిట్టికి నెలలు నిండాయి నాయనా. ముందు దాన్ని కనిపెట్టుకుని ఉండు" అంది.

కోనప్ప చిట్టి వైపు తిరిగాడు. చిట్టి పుంగనూరు ఆవు. అతని నడుము దాకా కూడా రాదు. దొరికిన గడ్డితో కడుపు నింపుకుని, ఉన్న నలుగురికీ సరిపడా చిక్కటి పాలిచ్చేది. అయినా నిరుడు సుబ్బమాంబ యాత్రకు వెళ్లినప్పుడు, పక్క ఊరి రైతు కదిరప్ప తెచ్చుకున్న ఒంగోలు ఆబోతును చూసి కోనప్పకు మతి పోయింది. దాని మూపురం అతని తలకన్నా ఎత్తు. అది నడిచి వస్తుంటే జనం అరుగులెక్కి చూసేవారు. ఆ పోలికతో ఒక్క దూడ పుడితే ఆశ్రమం పేరు నాలుగూళ్లకు పాకుతుందనుకున్నాడు. చిట్టిని మిట్ట మీద నిలబెట్టి మరీ ఆ ఆబోతుతో దాటించాడు.

తిరిగివచ్చి ఆ సంగతి విన్న సుబ్బమాంబ, "నన్నడగలేదు, సరే. దాన్నడిగావా?" అని ఊరుకుంది. అప్పుడతను నవ్వేశాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. చిట్టి పొట్ట రెండు వైపులా బస్తాల్లా ఉబ్బింది. పడుకుంటే లేవలేదు, లేస్తే నాలుగడుగులు వేయలేదు.

మూడోనాడు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. ఎండ నడినెత్తికి వస్తున్నా ఒక్క గిట్ట మాత్రమే బయటికి కనిపించింది. చిట్టి ముక్కి ముక్కి, ఇక శక్తి లేక మెడ నేలకు వాల్చేసింది. కోనప్ప ఆ గిట్ట పట్టుకుని బలంకొద్దీ లాగబోయాడు.

"లాగకు! చంపేస్తావు!"

సుబ్బమాంబ గొంతు పెంచడం అతను వినడం అదే మొదటిసారి. ఆమె తన సన్నటి చేతికి మోచేతి దాకా ఆముదం పూసుకుని లోపలికి పోనిచ్చింది. దూడ రెండో కాలు వెనక్కి మడతపడి ఉంది. నొప్పి వచ్చినప్పుడు ఆగుతూ, తగ్గినప్పుడు దూడను కొద్దికొద్దిగా వెనక్కి నెడుతూ ఆ కాలు కోసం వెదికింది. కోనప్ప చిట్టి తలను ఒళ్లో పెట్టుకున్నాడు. దాని నాలుక పక్కకు వేలాడుతోంది.

"అమ్మా, బతుకుతుందా?"

"ఊపిరి ఆడుతోందా, చూస్తూ ఉండు."

చూశాడు. దాని ఊపిరికీ ఊపిరికీ మధ్య తన ఊపిరి బిగబట్టాడు. చివరికి రెండు కాళ్లూ దొరికాయి. చిట్టి ముక్కినప్పుడల్లా ఇద్దరూ నెమ్మదిగా లాగితే దూడ జారి పడింది. బతికే ఉంది. చిట్టి మాత్రం లేవలేదు.

మూడు రోజులు కోనప్ప పాక వదల్లేదు. గంజి తాగించాడు, పక్కలు మార్చాడు, పాలు పితికి దూడకు పట్టాడు. నాలుగోనాడు చిట్టి వణుకుతూ లేచి నిలబడింది. దాని పొదుగు అందుకోవడానికి ఆ పొడుగుకాళ్ల దూడ మోకాళ్ల మీద వంగవలసి వచ్చింది.

అప్పుడే కదిరప్ప వచ్చాడు. "అబ్బ, ఏం దూడ! ఈసారి కూడా మా ఆబోతు దగ్గరికే తోలుకు రా అప్పా" అన్నాడు. కోనప్ప లేచి ఆవుకు అడ్డంగా నిలబడ్డాడు. వద్దన్నట్టు చేయి ఊపాడు. కదిరప్ప వెళ్లిపోయాక గురువు ముఖం చూడలేక తల దించుకున్నాడు.

"పెద్ద ఉపదేశం అడిగావు కదా" అంటూ సుబ్బమాంబ చిట్టి నడుము నిమిరింది.

"దూడ పెద్దదే నాయనా. రావలసిన దారి మాత్రం తల్లిది."