వెనక పడవ కోసం ఆగిన దీవి

అనగనగా, పటం మీద ఈగ వాలితే కనబడకుండా పోయేంత చిన్న దేశం ఒకటి సముద్రం నడుమ ఉండేది. దాని పేరు గవ్వలదీవి. అంత చిన్న దేశానికీ ఒక జెండా ఉంది. ఆ జెండా అంటే అక్కడి జనానికి ప్రాణం.

ఆ దీవి ఒడ్డున కెరటాలు మహా పొగరుబోతులు. ఒంటరిగా వచ్చిన పడవను తిరగేసి గాని వదలవు. అందుకని వేట నుంచి తిరిగొచ్చేవాళ్ళు కెరటాల అవతలే ఆగేవారు. వెనకవాళ్ళంతా వచ్చాక, ఒకరికొకరు ఆసరాగా కలిసి ఒడ్డు చేరేవారు. అది తాతల నాటి అలవాటు.

నాలుగేళ్ళకోసారి హేమపురి రాజు సకల దేశాలకూ ఆటల పండుగ జరిపేవాడు. వరసగా మూడు పండుగల్లో ఒక్క బహుమతీ గెలవని దేశం తన జెండా దించేసి, పొరుగు దేశపు జెండా కింద నడవాలని కట్టుబాటు. గవ్వలదీవి అప్పటికి రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఇది మూడోసారి. దేశమంతా గాలించినా తెడ్డు వేయగలవాళ్ళు మూడు పడవలకు సరిపోయారు, అంతే. వాళ్ళ నాయకురాలు నూకాలు.

మొదటి పందెంలో దేశానికో పడవ. నూకాలు పడవ అందరికన్నా ముందు దూసుకుపోయింది. తీరా గెలుపు తాడు దగ్గరకు రాగానే తెడ్లన్నీ ఆగిపోయాయి. మిగతా దేశాలవాళ్ళు పక్కనుంచి చక్కా పోయారు.

"ఎందుకాగారమ్మా?" అని అడిగాడు పందెం పెద్ద.

"వెనకవాళ్ళు ఇంకా రాలేదు కదండీ," అంది పడవలో ఒకామె.

ఒడ్డంతా పగలబడి నవ్వింది. నూకాలుకు తల కొట్టేసినట్టయింది.

రెండో పందేనికి ముందు అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది. "ఈసారి ఆగితే మన జెండా పోద్ది. బుర్రలో పెట్టుకోండి." అందరూ బుద్ధిగా తలలూపారు. కానీ చేతులు తలల మాట వింటే గదా? తాడు కనబడగానే మళ్ళీ మందగించాయి. నూకాలు అదిలించేలోగా నాలుగు పడవలు దాటిపోయాయి. జనం మళ్ళీ నవ్వారు.

ఇక మిగిలింది ఒకే పందెం. దేశానికి మూడేసి పడవలు. మూడింటిలో కడపటి పడవ తాడు దాటినప్పుడే ఆ దేశం దాటినట్టు. పందెం పెద్ద ఈ నియమం చదివి వినిపించాడు. అందరూ విన్నారు. డప్పు మోగగానే అందరూ మరిచిపోయారు.

పెద్ద దేశాలు బలశాలులందరినీ మొదటి పడవలోనే ఎక్కించాయి. ముందు చేరితే వచ్చే చప్పట్లు ఎవరికి చేదు? నూకాలు కూడా పళ్ళు బిగించి, ఈసారి వెనక్కి చూసేది లేదని ఒట్టు పెట్టుకుని, ముందుకు ఉరికించింది.

సగం దూరం పోయాక మనసు ఆగలేదు. వెనక్కి చూసింది. మూడో పడవ ఎక్కడో ఉంది. అందులో ఎల్లయ్య బాబాయి తెడ్డు వేయలేక, నొప్పెట్టిన తన భుజం పట్టుకుని కూర్చున్నాడు.

"పోదామా, ఆగుదామా?" అని అడిగారు పడవలోవాళ్ళు.

నూకాలుకు జెండా గుర్తొచ్చింది. జనం నవ్వులూ గుర్తొచ్చాయి. "నవ్వితే నవ్వుకోనీ. ఆపండి," అంది.

రెండో పడవా వచ్చి పక్కన ఆగింది. మూడో పడవ దగ్గరకు రాగానే నూకాలు అందులోకి దూకింది. "నువ్వు నా చోటుకెళ్ళి చుక్కాని పట్టు, బాబాయ్. తెడ్డు నాకియ్యి."

"నా మూలంగా జెండా పోద్దే, అమ్మా," అన్నాడు ఎల్లయ్య కన్నీళ్ళతో.

"నిన్ను నడి సముద్రంలో వదిలేసొచ్చాక జెండా ఎవరి కోసం, బాబాయ్?"

మూడు పడవలూ పక్కపక్కనే కదిలాయి. జనం మూడోసారి నవ్వారు. అప్పటికే పెద్ద దేశాల మొదటి పడవలు తాడు దాటి పూలదండలు వేయించుకుంటున్నాయి. వాళ్ళ కడపటి పడవలు మాత్రం ఎక్కడో నీళ్ళలో ఈదులాడుతున్నాయి. వాటి గొడవ ఎవరికీ పట్టలేదు.

గవ్వలదీవి పడవలు మూడూ ఒక్కసారే తాడు దాటాయి. పందెం పెద్ద సముద్రం వైపు చూశాడు, తన చేతిలోని నియమం వైపు చూశాడు, గెలిచింది గవ్వలదీవి అని చాటాడు. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

రాజు నూకాలును పిలిపించి, "నియమం గుర్తుపెట్టుకుని భలే ఎత్తు వేశావు," అన్నాడు.

"లేదు ప్రభూ," అంది నూకాలు. "భయంలో నియమం మరిచేపోయాను. ఓడిపోతామని తెలిసే ఆగాను."

రాజు సింహాసనం దిగి వెళ్ళి, గవ్వలదీవి జెండాను తన చేతులతోనే ఎగరేశాడు.

వెనకబడినవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన జట్టే నిజంగా ఒడ్డు చేరినట్టు.