కొత్త చెక్కల ఓడ

ఏ రాజ్యమో గానీ, రాజుగారి తెరచాప ఓడ అడుగున అంటుకున్న గుల్లలు గీకడానికి నూకయ్య నీళ్లలో మునిగాడు. మునిగినవాడు వెంటనే పైకి తేలాడు.

"చెక్కలు పుచ్చిపోయాయి దొరా! చిల్లుల్ని ఆ గుల్లలే మూస్తున్నాయి. గీకితే ఓడ మునుగుతుంది."

పక్కనే రాజుగారు ఉండేసరికి రేవు అధికారి ఇంతెత్తున లేచాడు. "నిరుడే కొత్త చెక్కలు వేయించాను. నోర్మూసుకుని గీకు!"

"చిత్తం. నేను గీకుతుంటాను, తమరు ఓడలో కూర్చోండి."

అధికారి మొహాన నెత్తురు చుక్క లేదు. "నాకు ఈత రాదురా!"

"కొత్త చెక్కల మీద కూర్చోడానికి ఈతెందుకు దొరా?"

రాజుగారు అధికారిని అక్కడికక్కడే కొలువులోంచి తీసేశారు. రేవంతా నూకయ్యను మెచ్చుకుంది. అతను మాత్రం సముద్రం వంక చూస్తూ ఉండిపోయాడు. ఈ మాట నిరుడే అడగాల్సింది. ఇదే అధికారి బాగుచేయించిన ఇంకో ఓడ నడిసముద్రంలో మునిగి తమ్ముడు పోయాడు. వాడికి ఈత బాగా వచ్చు.