నూకయ్య ఉప్పు సంచి

అనగనగా అంటే మరీ అనగనగా. సముద్రం ఊరికి ఇంకా దగ్గరగా ఉన్న రోజులు. ఆ ఒడ్డున ఉప్పుమళ్ళలో నూకయ్య అని ఒక కూలివాడు ఉండేవాడు. పెళ్ళాన్ని ఉప్పెన తీసుకుపోయింది. ఎర్రమ్మ అని ఒక్క కూతురు మిగిలింది. ఆమెను కూడా సముద్రం పట్టుకుపోతుందేమోనని అతనికి రోజూ భయమే.

ఉప్పు గంప మోసేవాడికి బరువు తెలుస్తుంది. గాలివానకు ముందు అదే గంప బరువెక్కుతోందని నూకయ్య కనిపెట్టాడు. గాలిలో తేమను ఉప్పు తాగుతోంది. ఇంటి ముందు గుంజకు ఒక కర్ర వేలాడదీశాడు. ఒక కొసన ఉప్పు సంచి, రెండో కొసన రాయి. సంచి సమంగా ఉంటే ఊరివాళ్ళను చేపల వేటకు పొమ్మన్నాడు. వేలెడు దిగితే పడవలు పైకి లాగమన్నాడు. జానెడు దిగితే ఊరి వెనక దిబ్బెక్కమన్నాడు.

మొదటి గాలివానకు ఊరు నవ్వింది. కొంతమంది కొట్టుకుపోయారు. రెండోదానికి సగం ఊరు దిబ్బెక్కింది. మూడోదానికి అందరూ ఎక్కారు, అందరూ బతికారు.

ఆ మాట రాజుగారి చెవిన పడింది. నూకయ్యను పిలిపించి చేతికి బంగారు కంకణం తొడిగాడు. సభంతా జేజేలు కొట్టింది. నూకయ్య కూడా మురిసిపోయాడు, అదీ చెప్పాలి.

"ఇంత గొప్ప త్రాసుకు ఉప్పు సంచేమిటి, నామోషీగా?" అన్నాడు రాజు. "అది తీసేసి బంగారు ముద్ద కట్టించండి."

"బంగారానికి గాలి తెల్దు మారాజా," అన్నాడు నూకయ్య. "ఉప్పుకే తెలుస్తాది."

సభ నవ్వింది. ఈ రాజులకు మనిషిని మెచ్చుకోవడం వచ్చు గాని, అతని మాట వినడం రాదు.

నూకయ్యను ఆస్థానంలోనే ఉంచేశారు. భటులు ఊరికి వెళ్ళి బంగారు ముద్ద కట్టారు. ఊరివాళ్ళు పొంగిపోయి, పాత సంచిలో ఉప్పు పులుసులో వేసుకున్నారు.

ఏడాది తిరిగింది. "నన్నొగ్గేయండి మారాజా, నా కూతురుంది" అన్నాడు నూకయ్య. రెండో కంకణం తొడిగారు. ఇంకో ఏడాది తిరిగింది. "నన్నొగ్గేయండి మారాజా, నా కూతురుంది" అన్నాడు. మూడో కంకణం తొడిగారు.

ఒకరోజు భోజనానికి కూర్చుంటే విస్తట్లో ఉప్పు నీరుగారి ఉంది. నూకయ్య అన్నం ముట్టలేదు. మూడు కంకణాలూ కావలివాడి చేతిలో పెట్టి గుమ్మం దాటాడు. ఒక పగలు పరుగెత్తాడు, రెండు పగళ్ళు పరుగెత్తాడు, మూడు పగళ్ళు పరుగెత్తాడు. దారిలోనే గాలివాన ఎదురొచ్చింది.

వెళ్ళేసరికి ఊరు లేదు. ఎర్రమ్మ లేదు. దిబ్బ మీద ఒక్క మనిషి లేడు. గుంజ ఒక్కటే నిలబడి ఉంది. దానికి బంగారు ముద్ద సమంగా వేలాడుతోంది.

నూకయ్య ఆ ముద్దను విప్పి సముద్రంలోకి విసిరేశాడు. ఉప్పు సంచి కట్టాడు. వినడానికి ఎవరూ లేరు. అయినా సంచి దిగిన ప్రతిసారీ, "ఎర్రమ్మా, దిబ్బెక్కమ్మా" అని కేకేసేవాడు. చాలా ఏళ్ళకు మళ్ళీ జనం కాపురానికి వచ్చారు. వాళ్ళకు ఈ కథంతా చెప్పి, ఆ వానాకాలంలోనే పోయాడు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ప్రతి గుమ్మానికీ ఉప్పు సంచి ఉంటుంది. వేటకెళ్ళేముందు మగవాడు, "నూకయ్య ఏటంటన్నాడే?" అని అడుగుతాడు. ఇంటి ఆడమనిషి ఒంటిమీద బంగారముంటే తీసి పక్కన పెట్టి, సంచి తడుముతుంది. పొడిగా ఉంటే "ఎల్లు" అంటుంది. తడిగా ఉంటే "కూతుర్ని పిలుస్తన్నాడు" అంటుంది. ఆ రోజు పడవ కదలదు.