పీకిన ఉన్ని

మదనపల్లెలో స్వెటర్లు అల్లి బతికే అలివేలుకు చేతిలో మంచి పనితనం ఉండేది కానీ, తనకు తెలియనిది ఒకటుందని ఎవరిముందూ ఒప్పుకునే అలవాటు మాత్రం లేదు.

ఆమె దగ్గర అల్లిక నేర్చుకోవడానికి పదిమంది ఆడపిల్లలు వచ్చేవారు. "గొర్రె మీద నుంచి తీసిన ఉన్ని ఎలా ఉంటుంది టీచర్?" అని వాళ్ళు అడిగితే, "చిన్నప్పటినుంచీ చూస్తున్నదేగా!" అనేది. నిజానికి దుకాణంలో ఉండలు చుట్టి అమ్మే రంగు ఉన్ని తప్ప ఆమె ఇంకేదీ చూడలేదు. ఇంట్లో ఉండేది ఆమె, చెల్లెలు చెంగమ్మ. తల్లిదండ్రులు పోయాక చెల్లెల్ని తనే పెంచింది. అక్క చెప్పిందంటే చెంగమ్మ ఇక ఎదురు చెప్పేది కాదు.

ఆ ఏడు దగ్గర్లోని ఒక పల్లెలో గొర్రెల తిరునాళ్ళ జరుగుతోందని తెలిసింది. పచ్చి ఉన్ని తెచ్చి, ఇంట్లోనే వడికి, శాలువా అల్లి అందరిచేతా ఔరా అనిపించుకోవాలని అలివేలు బయలుదేరింది. అలాంటి చోటికి వెళ్ళడం ఆమెకు అదే మొదలు.

మైదానమంతా గొర్రెల అరుపులు, దుమ్ము. కాపరులు గొర్రెల కాళ్ళు కట్టి పడుకోబెట్టి, పెద్ద కత్తెరలతో ఉన్ని తీస్తున్నారు. ఒక్కో గొర్రె ఒంటి మీది ఉన్ని దుప్పటిలా ఊడివస్తోంది. అలివేలుకు అదంతా కొత్త. అయినా ముఖంలో ఆశ్చర్యం కనపడనివ్వలేదు. ఒక మూల ఒక వ్యాపారి గోతాల్లో నల్ల ఉన్ని పెట్టుకుని, చవగ్గా ఇచ్చేస్తున్నాడు. పట్టుకుని చూస్తే పొడుగ్గా, మెత్తగా ఉంది.

పక్కనే ఉన్ని కత్తిరిస్తున్న బీరప్ప అనే ముసలి కాపరి చెయ్యి ఆపి, "అమ్మా, అది పీకిన ఉన్ని. తెలిసే కొంటున్నావా?" అన్నాడు.

ఆ మాటకు అర్థం ఏమిటో అలివేలుకు తెలియదు. అడిగితే అతను చెప్పేవాడే. కానీ తనను ఎరిగిన ఆడవాళ్ళు ఇద్దరు పక్కనే నిలబడి వింటున్నారు.

"నాకా చెప్తున్నావు పెద్దాయనా? పదేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నా" అంది.

"తెలిసినదానివైతే సరేలే తల్లీ. జాగ్రత్తగా ఉండు" అని బీరప్ప మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇంటికొచ్చాక చెంగమ్మ గోతం విప్పి ముక్కు మూసుకుంది.

"అక్కా, కంపు కొడుతోంది. కుదుళ్ళకు తోలు కూడా అంటుకుని ఉంది. ఇట్లా ఎందుకుంది?"

"పచ్చి ఉన్ని అట్లాగే ఉంటుంది. శుభ్రంగా దులుపు."

బయట ముసురు పట్టింది. తలుపులు మూసి, చెంగమ్మ రెండు రోజులు ఆ ఉన్నిని కర్రతో దులిపింది. గదంతా దుమ్ము నిండిపోయింది. మూడోరోజు ఆమెకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మర్నాటికి ఎగశ్వాస వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. "ఈమె గొర్రెల దగ్గరగానీ, ఉన్నితోగానీ పనిచేసిందా?"

"ఉన్ని దులిపింది."

"బతికున్న గొర్రె నుంచి కత్తిరించినదేనా?"

అలివేలుకు బీరప్ప మాట గుర్తొచ్చింది. కానీ పక్కనున్న నర్సు, తన దగ్గర అల్లిక నేర్చుకునే పిల్లకు తల్లి.

"అవును సార్. నేనే చూసి కొన్నాను. ఆమాత్రం తెలియదా నాకు?" అంది.

డాక్టరు మామూలు జ్వరానికి మందులు రాసి పంపాడు. మర్నాడు మధ్యాహ్నానికి చెంగమ్మ పెదవులు నీలం తిరిగాయి. అలివేలు ఆమెను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తి, డాక్టరు కాళ్ళ మీద పడింది.

"అది పీకిన ఉన్ని అని ఒకాయన చెప్పాడు సార్. అంటే ఏమిటో నాకు తెలియదు. అడగలేదు."

డాక్టరు ముఖం పాలిపోయింది. "చచ్చిన గొర్రెకు కత్తెర పెట్టరమ్మా. చేత్తోనే పీకేస్తారు. దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో చచ్చిన గొర్రె ఉన్ని అయితే, ఆ దుమ్ము పీల్చినవాళ్ళ ప్రాణానికే ముప్పు. నిన్న నిజం చెప్పి ఉంటే ఆ రోగానికే మందు మొదలుపెట్టేవాణ్ణి."

మందు ఎక్కించారు. కానీ చెంగమ్మ ఊపిరి అందక కొట్టుకుంటోంది. అక్క చెయ్యి పట్టుకుని, "ఇంకా సగం గోతం మిగిలిపోయింది అక్కా. లేచాక దులుపుతా" అంది. పొద్దుగూకేలోగా ఆమె ప్రాణం పోయింది.

అధికారులు వచ్చి, మిగిలిన ఉన్నిని లోతైన గోతిలో సున్నం పోసి పూడ్పించారు.

పది రోజుల తర్వాత అలివేలు బీరప్పను వెతుక్కుంటూ వెళ్ళి జరిగినదంతా చెప్పింది. ముసలాయన తల పట్టుకున్నాడు. "ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదమ్మా! నేనైనా ఇంకోసారి చెప్పకపోతిని" అని ఏడ్చాడు. అలివేలు తల ఎత్తలేకపోయింది.

నీతి: తెలియదని ఒప్పుకుంటే కాసేపు చిన్నతనంగా ఉంటుంది, అంతే. తెలుసని బుకాయిస్తే మాత్రం, మనల్ని నమ్ముకున్నవాళ్ళ ప్రాణాలకే ముప్పు రావచ్చు.