చేను మీద తుండు

మాగిపొద్దు మంచక్క మా చేనికొచ్చె,
ముంత లేదు, చెంబు లేదు, ముత్యాలు పోసె...

ఆ తర్వాత కోడి కూసిందనో, కొంగు జారిందనో ఏదో వస్తుంది. చిన్నప్పుడు చలికాలంలో శనగాకు గిల్లుతూ పాడిన పాట. సుంకులమ్మకు ఎప్పుడూ అక్కడికొచ్చేసరికి తెగిపోతుంది. ఆ పొద్దు దర్గా గుట్ట ఎక్కుతుంటే ఆ రెండు ముక్కలూ నోటికి రాలేదు. గుండెలో అంత బరువు.

వాళ్లది నల్లరేగడి నేల. చివరి వాన తడి ఆరకముందే శనగ విత్తుతారు. ఇక ఆ పదును మీదే పంట రావాలి. ఆ ఏడు ఆ చివరి వాన కూడా మొక్కుబడిగా పడి పోయింది. మొలకైతే వచ్చింది గానీ, జానెడు మొక్క మధ్యాహ్నానికే తల వాలుస్తోంది. నేల నెర్రెలిచ్చింది.

మొగుడు మద్దిలేటి మాట తేల్చేశాడు. "రేపు గొర్లోళ్లను తోలుకొస్తా. చేను మేపుకోనీ. మనం మిరపకోతల సుగ్గికి పోదాం."

సుగ్గికి పోవడమంటే ఇంటికి తాళమేసి, పిల్లల్ని వెంటేసుకుని, ఎవరి ఊళ్లోనో గుడిసెలో నెలల తరబడి బతకడం. పోయినేడు అట్లా పోయే పెద్దపిల్ల బడి ఆగిపోయింది. ఈసారి చిన్నదాని వంతు.

గుట్ట మీద దస్తగిరి తాత ఉంటాడు. దర్గా ఊడ్చి దీపం పెట్టే ఫకీరు. సుంకులమ్మ ఆయన్నే గురువనుకుంది. ఆయన మాత్రం ఆమెను శిష్యురాలని ఏనాడూ అనలేదు. "పిచ్చితల్లీ" అనేవాడు.

"తాతా, చేను వదిలేయల్లనా, ఉండల్లనా? పైనోడు నన్ను మరిచిపోయినాడు. ఇన్ని దినాల్లో నా మింద ఒక్క చుక్క పడుంటే ఒట్టు."

తాత కడుపు పట్టుకున్నాడు. "అజీర్తిగా ఉండాది తల్లీ. శనగాకు మీద పట్టే పుల్లటి మంచునీళ్లు తాగితే తగ్గుతాది. ఈ తుండు తీస్కపో. పొద్దుగూకేటప్పుడు నీ చేను మీద పరిచి, తెల్లార్తో పిండుకోని రా."

"నేను చెప్పేదేంది, నువ్వడిగేదేంది? నా కొంప మునుగుతాంటే నీకు కడుపు యావ."

"నీళ్లే లేవంటివే. ఎట్ల మునుగుతాది?"

తిట్టుకుంటూనే తుండు తీసుకుపోయి పరిచింది.

తెల్లారి పొద్దు పొడవకముందే చేలోకి దిగింది. నిన్న వేలాడిన మొక్కలన్నీ తలలెత్తి ఉన్నాయి. ఆకాకుకూ ఒక పూస. నడుస్తుంటే చీర కాళ్లకు చుట్టుకుంటోంది. తుండు ఎత్తితే తడిసిన గోనెలా బరువు. పిండితే చెంబు నిండింది. చేతి పగుళ్లలో పులుపు చుర్రుమంది.

సాలు మధ్యనే వంగి ఒక్కో మొక్క తల ముట్టి చూసింది.

గుట్ట మీద తాత ఒక గుక్క తాగి, చంటిపిల్లాడిలా మొహం చిట్లించుకున్నాడు. తర్వాత ఆమెను కిందినుంచి పైదాకా చూసి ఒక మాట అన్నాడు. ఆమె గుట్ట దిగింది.

గట్టు మీద గొర్రెలు, వాటి వెనక మద్దిలేటి.

"మళ్లించు వాటిని," అంది.

"ఏం జూసుకోనే?"

"నువ్వు సుగ్గికి పోయిరా. నేనూ పిల్లలూ చేనికాడ ఉంటాం."

ఆ ఏడు చేను పండిందని చెప్పలేం, ఎండిందనీ చెప్పలేం. ఇంటికి తాళం పడలేదు. చిన్నది బడి మానలేదు. అంతవరకు పండింది.

ఆ పొద్దు నుంచి కాయ కోతకొచ్చేదాకా సుంకులమ్మ చేను విడిచి గుట్ట ఎక్కిందే లేదు. కాయ పట్టేలోపే తాత కన్నుమూశాడు. తొలి పచ్చిశనగలు ఒడినిండా తెచ్చి ఆయన సమాధి మీద పోసింది. అక్కడే కూర్చుని ఆ పొద్దు తాత అన్న మాట తలుచుకుంది. చెంబు పట్టుకుని నిలబడ్డ ఆమె చీర, మోకాళ్లదాకా తడిసి నీళ్లు కారుతుంటే చూసి, ఆమెతో ఆయన ఆడిన చివరి మాట అది.

"వానలో తడిసొచ్చినావు. పో తల్లీ, పోయి చీర మార్చుకో."